ముందు నిషేధం, తర్వాత సిలబస్

క్రైస్తవ కుటుంబంలోని కుర్రవాడు ఎం.ఏ. ఫిలాసఫీలో చేరతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఉద్యోగం గురించి. రెండోది విశ్వాసం గురించి. కొలొస్సయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయం తెరిచి, తత్వజ్ఞానం పేరుతో ఎవరూ మిమ్మల్ని చెరపట్టుకుపోకుండా చూసుకోమన్న హెచ్చరికను చదివి వినిపించే పెద్దాయన ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. యూనివర్సిటీకి వెళితే అక్కడ ఇంకో రకం. కాంట్‌ను చదివాక కూడా ఆదివారం చర్చికి వెళ్తున్నావా అని జాలిపడే క్లాస్‌మేట్. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు గానీ ఒక్క సంగతిలో మాత్రం పూర్తి ఏకాభిప్రాయం ఉంది. విశ్వాసం, తత్వశాస్త్రం ఒకే ఒరలో ఇమడని రెండు కత్తులని.

పౌలు మాటతోనే మొదలుపెడదాం. ఆ హెచ్చరిక రాసిన పౌలే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఏథెన్సు సంతవీధిలో ఎపికూరియులతో, స్తోయికులతో వాదిస్తూ కనిపిస్తాడు. అరేయొపగులో నిలబడి గ్రీకు కవుల మాటలను తన ప్రసంగంలోకి తెచ్చుకుంటాడు. కాబట్టి వచనానికి వచనం పోటీ పెడితే ఆట డ్రా. తర్వాతి తరాల్లోనూ ఇదే వరస. రెండో శతాబ్దంలో జస్టిన్ క్రైస్తవుడయ్యాక కూడా తత్వవేత్తలు వేసుకునే అంగీ విప్పలేదు. కొంతకాలానికి కార్తేజిలో తెర్తుల్లియన్ ఏథెన్సుకూ యెరూషలేముకూ పొత్తేమిటని నిలదీశాడు. నిలదీసిన తీరు చూస్తే మాత్రం రోమన్ బడుల్లో నేర్పే వాగ్ధాటి అంతా అందులో ఉంది.

ఇవన్నీ ఒక్కొక్క మనిషి కథలు. మనిషి తన లోపల రెండు విరుద్ధమైన వాటిని పెట్టుకుని కూడా హాయిగా బతికేయగలడు. జీతాలు, పరీక్షలు, అధికారులు, పోటీ కాలేజీలు ఉన్నచోట ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ ఎవరో ఒకరు ఏది చెప్పొచ్చో, ఏది చెప్పకూడదో కాగితం మీద రాయాల్సి వస్తుంది. ఈ తగువులో పెట్టగలిగిన కాగితాలన్నీ ఒక్క ఊళ్లో, ఒక్క శతాబ్దంలోనే పెట్టి చూశారు. ఆ ఊరు పారిస్, ఆ శతాబ్దం పదమూడోది.

అప్పటికి అరిస్టాటిల్ తర్కగ్రంథాలు యూరప్‌కు కొత్త కాదు. కొత్తగా వచ్చినవి ప్రకృతి, ఆత్మ, దేవుడు వంటి విషయాల మీద ఆయన రాసిన పుస్తకాలు. కొన్ని నేరుగా గ్రీకు నుంచి, మరికొన్ని అరబ్బీ మీదుగా, ముఖ్యంగా స్పెయిన్‌లోని టొలెడో అనువాదకుల చేతుల మీదుగా వచ్చాయి. వాటి వెంటే ఇబ్న్ సీనా, కొర్దొవాకు చెందిన ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలు వచ్చాయి. లాటిన్ పండితులు అరిస్టాటిల్‌ను ఉత్తినే 'తత్వవేత్త' అనీ, ఇబ్న్ రుష్ద్‌ను 'వ్యాఖ్యాత' అనీ పిలవడం మొదలుపెట్టారు. పేరు చెప్పనక్కర్లేదన్నమాట. క్రీస్తును ఎరగని ఒక గ్రీకువాడినీ, క్రీస్తును దేవుడిగా ఒప్పుకోని ఒక ముస్లిం న్యాయమూర్తినీ క్రైస్తవ విద్యాలయంలో అంత గౌరవంగా పిలిచారు. దీన్నిబట్టి ఆ పుస్తకాల బరువు ఊహించుకోవచ్చు.

చిక్కేమిటంటే అరిస్టాటిల్ నాస్తికుడు కాడు. నాస్తికుడైతే పని సులువయ్యేది, పక్కన పెట్టేసేవారు. ఆయన దగ్గర దేవుడున్నాడు, ఆత్మ ఉంది, నీతి ఉంది, నక్షత్రాల నుంచి చేపల దాకా అన్నిటికీ కారణాలున్నాయి. బైబిల్ అవసరం లేకుండానే ఒక సంపూర్ణ ప్రపంచం. అందులో రెండు మూడు చోట్ల మాత్రం విశ్వాస ప్రమాణంతో నేరుగా ఢీకొట్టే మాటలున్నాయి. లోకానికి మొదలు లేదన్నది అందులో ఒకటి. ఆది కాండం మొదటి వాక్యంతోనే పేచీ.

మొదటి కాగితం నిషేధం. 1210లో పారిస్‌లో కూడిన బిషప్పుల సభ, అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథాలనూ వాటి వ్యాఖ్యానాలనూ బహిరంగంగా గానీ రహస్యంగా గానీ పాఠం చెప్పకూడదని, చెబితే వెలి వేస్తామని ప్రకటించింది. 1215లో పోప్ ప్రతినిధి రాబర్ట్ ఆఫ్ కూర్సాన్ యూనివర్సిటీకి రాసిచ్చిన నియమావళిలో ఆ నిషేధాన్ని మళ్లీ ఖరారు చేశాడు. తర్కం చదవొచ్చు, నీతిశాస్త్రం చదవొచ్చు. ప్రకృతిశాస్త్రం, అధిభౌతికశాస్త్రం కూడదు. 1229లో పారిస్ మాస్టర్లు సమ్మె కట్టి ఊరు వదిలిపోతున్న వేళ, కొత్తగా పెట్టిన తులూజ్ యూనివర్సిటీ విద్యార్థులను పిలుస్తూ ఒక లేఖ పంపింది. పారిస్‌లో నిషేధించిన ప్రకృతి గ్రంథాలను మా దగ్గర వినొచ్చని అందులో ఒక ఆకర్షణగా రాశారు. మతభ్రష్టులను అణచడం కోసం పోప్ ఆశీస్సులతో పుట్టిన విద్యాలయం అది. అడ్మిషన్ల కోసం కాలేజీలు ఎంతదూరమైనా వెళతాయన్నది మన కాలపు జబ్బేమీ కాదు.

1231లో పోప్ తొమ్మిదో గ్రెగరీ కాస్త మెత్తబడ్డాడు. ఆ పుస్తకాలను పరిశీలించి, తప్పులు ఏరివేసేంతవరకు మాత్రమే నిషేధం అన్నాడు. ఏరివేతకు ముగ్గురితో కమిటీ వేశాడు. ముగ్గురిలో ముఖ్యుడు విలియం ఆఫ్ ఓక్సేర్ ఆ ఏడాదే చనిపోయాడు. కమిటీ నివేదిక అంటూ ఏదీ రాలేదు, పుస్తకాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. 1255 మార్చి 19న పారిస్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ కొత్త నిబంధనలు పెట్టుకుంది. అప్పటికి అందుబాటులో ఉన్న అరిస్టాటిల్ రచనలు దాదాపు అన్నీ పాఠ్యప్రణాళికలోకి వచ్చేశాయి; ఏ పుస్తకాన్ని ఎన్నాళ్లకు ముగించాలో కూడా రాశారు. చదివితే వెలి అన్న పుస్తకం నలభై అయిదేళ్లలో, చదవకపోతే డిగ్రీ లేదన్న పుస్తకమైంది. నిషేధాన్ని ఎత్తేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. ఆఫీసుల్లో పాత సర్క్యులర్లు చచ్చే పద్ధతి ఇదే.

ఇక్కడ ఆ యూనివర్సిటీ కట్టడం గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. పద్నాలుగు పదిహేనేళ్లకు కుర్రాడు ఆర్ట్స్ ఫ్యాకల్టీలో చేరతాడు. 1215 నియమావళి ప్రకారం ఆరేళ్లు పాఠాలు విని, ఇరవై ఒకటో ఏడు వస్తే గానీ అక్కడ బోధించకూడదు. దైవశాస్త్రం దాని పైమెట్టు. అందులో పాఠం చెప్పాలంటే కనీసం ముప్పై అయిదేళ్ల వయసు, ఎనిమిదేళ్ల చదువు ఉండాలి. అంటే తత్వశాస్త్రం కింది అంతస్తు, దైవశాస్త్రం పై అంతస్తు. ఈ వరస ఇప్పటికీ పోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మేత్రాసనాల నుంచి ఫాదర్ అవుదామని సెమినరీకి వెళ్లే కుర్రవాడికి కూడా 1983 నాటి కథోలిక చర్చి చట్టం 250వ అధికరణం వర్తిస్తుంది. మొత్తం కనీసం ఆరేళ్ల చదువు, అందులో తత్వశాస్త్రానికి రెండేళ్లు, దైవశాస్త్రానికి నాలుగేళ్లు. తత్వశాస్త్రం విశ్వాసానికి విషమని నమ్మే పెద్దాయన ఈ అధికరణాన్ని చూడకపోవడమే ఆయన ఆరోగ్యానికి మంచిది.

కింది అంతస్తు మాస్టర్లలో చాలామంది పైకి ఎక్కి వెళ్లిపోయేవారు. 1260ల్లో కొందరు మాత్రం అక్కడే ఉండిపోయి, తత్వశాస్త్రమే మా వృత్తి, ఇది దేనికో మెట్టు కాదు అనడం మొదలుపెట్టారు. బ్రబాంట్ నుంచి వచ్చిన సిగేర్, డెన్మార్క్ నుంచి వచ్చిన బొయేతియస్ వీళ్లలో ప్రముఖులు. సరిగ్గా ఆ సమయానికే, 1268 ప్రాంతంలో, థామస్ అక్వినాస్ రెండోసారి పారిస్‌కు తిరిగివచ్చాడు.

థామస్‌ది రోమ్‌కూ నేపుల్స్‌కూ మధ్య రొక్కసెక్క కోటకు చెందిన కుటుంబం. నేపుల్స్‌లో చదువుకుంటున్నప్పుడే అరిస్టాటిల్ పరిచయమయ్యాడు. భిక్షాటనతో బతికే డొమినికన్ సభలో చేరతానంటే ఇంటివాళ్లు అన్నదమ్ముల చేత దారికాసి పట్టించి, సుమారు ఏడాది పాటు కోటలో పెట్టారు. సన్యాసం పుచ్చుకోవడం వాళ్లకు అభ్యంతరం కాదు, బిచ్చమెత్తే సభలో పుచ్చుకోవడమే అభ్యంతరం. తర్వాత అదే సభకు చెందిన ఆల్బర్ట్ దగ్గర శిష్యరికం చేసి, దైవశాస్త్ర మాస్టరయ్యాడు. ఆ హోదాలో ఆయన పని బైబిల్ పాఠం చెప్పడం. అరిస్టాటిల్ మీద వ్యాఖ్యానం రాయమని ఏ నియమావళీ అడగలేదు. అయినా డజను దాకా రాశాడు, కొన్ని అసంపూర్తిగా వదిలేశాడు. పాఠం చెప్పాల్సిన అవసరం లేని పుస్తకాన్ని వాక్యం వాక్యం విప్పుతూ కూర్చున్న ఉపాధ్యాయుడంటే ఏ కాలంలోనైనా కొంచెం అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడు అసలు తగువులో ఒకదాన్ని దగ్గర నుంచి చూద్దాం. లోకానికి మొదలుందా?

అరిస్టాటిల్ వాదన ఇలా నడుస్తుంది. ఏ కదలికకైనా ముందు ఇంకో కదలిక ఉండాలి. కాలం సంగతీ అంతే. 'ఇప్పుడు' అన్నది గడిచినదానికి చివర, రాబోయేదానికి మొదలు. వెనక ఏమీ లేని 'ఇప్పుడు' ఉండదు గనక మొట్టమొదటి క్షణం అనేదే ఉండదు. కాబట్టి లోకం అనాది.

దీనికి అప్పటి ఫ్రాన్సిస్కన్ సభాధిపతి బొనవెంచర్ జవాబు వేరే దిక్కు నుంచి వచ్చింది. లోకం అనాది అయితే ఈ రోజుకు ముందు అనంతమైన రోజులు గడిచి ఉండాలి. అనంతాన్ని దాటి రావడం అసాధ్యం. కానీ ఈ రోజు వచ్చేసింది. కాబట్టి లోకానికి మొదలుందని బుద్ధితోనే నిరూపించవచ్చు. విశ్వాసికి ఇంతకంటే ఏం కావాలి? లేఖనం చెప్పినదాన్నే తర్కమూ చెబుతోంది.

థామస్ ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. అరిస్టాటిల్ వాదన లోకం నడుస్తున్నప్పటి నియమాల గురించి. లోకమే మొత్తంగా ఎలా ఉనికిలోకి వచ్చిందన్న ప్రశ్నకు ఆ నియమాలను అంటగట్టలేం. ఇక బొనవెంచర్ వాదన సంగతి. దాటడం అంటే ఒక కొస నుంచి ఇంకో కొసకు. గతంలో నువ్వు ఏ రోజును వేలుపెట్టి చూపించినా, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు లెక్కపెట్టగలిగినన్ని రోజులే ఉంటాయి. దాటలేని దూరం ఎక్కడుంది? కాబట్టి లోకానికి మొదలుందని గానీ లేదని గానీ తర్కంతో తేల్చలేం. ఉందని థామస్ నమ్మాడు, ఆ నమ్మకానికి ఆధారం లేఖనమే అన్నాడు. యూదు తత్వవేత్త మైమోనిడిస్ అంతకు ముందే ఇలాంటి దారి పట్టాడు, థామస్ ఆయన్ను శ్రద్ధగా చదివాడు.

ఇంకో అడుగు ముందుకు వేశాడు. సృష్టి అంటే 'ఒకప్పుడు మొదలవడం' అనే అర్థమే కానక్కర్లేదు. అగస్టీన్ కాలం నుంచి బడుల్లో నలిగిన ఉదాహరణ ఒకటుంది. అనాదిగా దుమ్ములో ఒక పాదం ఉందనుకోండి. దాని కింద అచ్చు కూడా అనాదిగా ఉంటుంది. పాదం ముందు, అచ్చు తర్వాత అనే క్షణం ఎప్పుడూ లేదు. అయినా అచ్చు పాదం వల్లనే ఉంది. లోకం అనాది అయినా సరే, అది దేవుడి వల్లనే ఉందన్న మాట చెక్కుచెదరదు. దీనితో విశ్వాసి ఒక పెద్ద భయం నుంచి బయటపడతాడు. ఖగోళశాస్త్రం ఏ లెక్క తేల్చినా దేవుడి ఉద్యోగం ఊడదు.

థామస్ చేసిన పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ వాదన ఫలితం కాదు. తాను నమ్మేదానికి అనుకూలంగా వచ్చిన రుజువును ఆయన తీసి పక్కన పెట్టాడు. కారణం కూడా చెప్పాడు. విశ్వాస విషయాలను బోలు వాదనలతో నిరూపించబోతే, ఇలాంటి కారణాలతోనే వీళ్లు నమ్ముతున్నారన్నమాట అని అవిశ్వాసులు నవ్వుతారు. యూట్యూబులో దేవుడి ఉనికిని ఏడు నిమిషాల్లో నిరూపించే మన ప్రసంగీకులు ఈ ఒక్క ముక్క వింటే సంఘానికి చాలా మేలు.

డెన్మార్క్ బొయేతియస్ ఇదే ప్రశ్నకు మూడో రకం జవాబిచ్చాడు. ప్రకృతిశాస్త్రవేత్త తన శాస్త్రానికున్న మూలసూత్రాల నుంచే మాట్లాడాలి. ఆ సూత్రాల్లో సృష్టి అనేది లేదు. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ, లోకానికి మొదలుందన్న మాటను అతను ఒప్పుకోలేడు. అయితే ఆయన అంటున్నది 'ప్రకృతి కారణాలను బట్టి' అన్న షరతుతో. ఏ షరతూ లేకుండా చూస్తే క్రైస్తవుడు చెప్పేదే నిజం. ఇది తెలివైన జవాబు, ఆధునిక శాస్త్రవేత్తలు చాలామంది తెలియకుండానే దీని మీదే బతుకుతున్నారు. దీనితో తంటా ఏమిటంటే, అన్నదమ్ములు పడక ఇంటి మధ్యలో గోడ లేపుకున్నట్టుంటుంది. గొడవ ఆగుతుంది, మాటలూ ఆగుతాయి. గోడకు అటువైపు తేలినదాన్ని ఇటువైపువాడు ఎప్పటికీ పరీక్షించడు.

సిగేర్ తగువు ఇంకా ముదిరింది. ఇబ్న్ రుష్ద్‌ను అనుసరించి, మనుషులందరికీ కలిపి బుద్ధి ఒక్కటే అన్నాడు. ఆలోచన అనేది నీలోనో నాలోనో విడివిడిగా పుట్టేది కాదు. ఒకే బుద్ధి అందరి ఊహల్లోని రూపాలను వాడుకుని ఆలోచిస్తుంది. అద్వైతం వినిపించే మన చెవులకు ఇది మరీ వింతగా తోచకపోవచ్చు గానీ, పారిస్‌లో దీని పర్యవసానం స్పష్టం. చనిపోయాక నాది అని మిగిలే ఆత్మ ఉండదు. మరి తీర్పు రోజున నిలబడేది ఎవరు?

1270లో థామస్ దీని మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. నరకం, తీర్పు, లేఖనం వేటినీ వాదనలోకి తీసుకురానని, తత్వవేత్తల మాటలతోనే, హేతువుతోనే తేలుస్తానని ముందే షరతు పెట్టుకున్నాడు. ఆయన వాదన మూలం చాలా సాదా ప్రశ్న. ఈ మనిషి ఆలోచిస్తున్నాడు, ఈ సంగతిని మీరు ఎలా వివరిస్తారు? నా ఊహల్లోని రూపాన్ని తీసుకుని ఆ ఒకే బుద్ధి ఆలోచిస్తే, ఆలోచించింది అదే, నేను కాదు. గోడకు రంగుంది, ఆ రంగు నా కంట్లో పడుతోంది. అంతమాత్రాన గోడ చూస్తోందని ఎవరైనా అంటారా? సిగేర్ లెక్కన మనమందరం చూడబడే గోడలమే తప్ప చూసేవాళ్లం కాదు. పుస్తకం చివర్లో థామస్ గొంతు ఒక్కసారిగా మారుతుంది. దీనికి జవాబుంటే మూలల్లో నక్కి, తెలిసీ తెలియని కుర్రాళ్ల ముందు మాట్లాడొద్దు, ధైర్యముంటే రాయమని సవాలు విసిరాడు. నెమ్మదస్తుడని, బండగా ఉంటాడని సహపాఠీలు 'మూగ ఎద్దు' అని పేరుపెట్టిన మనిషి మరి. సిగేర్ నిజంగానే మళ్లీ రాశాడు, తన మాటను చాలావరకు సవరించుకున్నాడు కూడా. ఏ బిషప్ ఉత్తర్వూ సాధించలేనిది ఒక వాదన సాధించింది.

ఉత్తర్వులు మాత్రం ఆగలేదు. 1270 డిసెంబరులోనే బిషప్ ఎటియెన్ తాంపియే 13 వాక్యాలను ఖండించాడు. 1277 జనవరిలో పోప్ ఇరవై ఒకటో జాన్, పారిస్‌లో ఏవో తప్పుడు బోధలు వినిపిస్తున్నాయి, విచారించి చెప్పమని ఆయనకు రాశాడు. తాంపియే పదహారు మంది దైవశాస్త్రజ్ఞులను కూర్చోబెట్టి, మార్చి 7న ఏకంగా 219 వాక్యాల జాబితాను వదిలాడు. వీటిని బోధించినవాళ్లూ విన్నవాళ్లూ ఏడు రోజుల్లో వచ్చి చెప్పుకోకపోతే వెలి. లోకం అనాది అన్నది అందులో ఉంది, బుద్ధి ఒక్కటే అన్నది ఉంది. తత్వవేత్తలు మాత్రమే జ్ఞానులన్నది, క్రైస్తవ ధర్మం చదువుకు అడ్డమన్నది కూడా ఉన్నాయి. వరసా వావీ లేవు, ఎవరన్నారో పేర్లు లేవు. పనిలో పనిగా అదే ఉత్తర్వులో ఆంద్రియాస్ అనే ఆయన ప్రేమకళ మీద రాసిన పుస్తకాన్నీ, మట్టిలో గీతలు గీసి జోస్యం చెప్పే పుస్తకాన్నీ కలిపి నిషేధించాడు. అరిస్టాటిల్ వ్యాఖ్యాతలూ, ప్రేమకళా, సోదె ఒకే గంపలో పడ్డాయి. విచారించమన్న పోప్ ఆ మే నెలలో, విటెర్బోలో తాను కట్టించుకున్న గది పైకప్పు కూలి చనిపోయాడు. తర్కశాస్త్రానికి తరాల పాటు పాఠ్యపుస్తకం రాసిపెట్టిన పీటర్ ఆఫ్ స్పెయిన్ ఈయనే అని చాలాకాలం చెప్పుకున్నారు. ఏ దూషణకు శిక్షగా పైకప్పు కూలిందో రెండు పక్షాలవాళ్లూ తమకు అనుకూలంగా చెప్పుకోవడానికి వీలైన మరణం.

ఉత్తర్వు ముందుమాటలో తాంపియే ఒక ఆరోపణ చేశాడు. వీళ్లు కొన్ని సంగతులు తత్వశాస్త్రం ప్రకారం నిజం, విశ్వాసం ప్రకారం నిజం కావు అంటున్నారు, రెండు పరస్పర విరుద్ధ సత్యాలున్నట్టు. 'ద్వంద్వ సత్యం' అని చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కిన సిద్ధాంతం ఇదే. తమాషా ఏమిటంటే, ఆ మాటను తన సొంత అభిప్రాయంగా రాసినవాడు ఆర్ట్స్ మాస్టర్లలో ఒక్కడూ దొరకలేదు. బొయేతియస్ పెట్టిన షరతును తీసేసి చదివితే అది పుడుతుంది. ప్రత్యర్థి వాక్యంలో షరతులు మింగేసి చదవడం ఇప్పటి టీవీ చర్చలకే ప్రత్యేకం అనుకుంటాం గానీ, దానికి ఏడు వందల యాభై ఏళ్ల ఘనమైన వారసత్వముంది.

ఈ జాబితా వల్ల జరిగిన నష్టం తెలిసిందే. లాభం మాత్రం ఎవరూ ఊహించనిది. దేవుడు విశ్వాన్ని సరళరేఖలో జరపలేడు, ఎందుకంటే వెనక శూన్యం మిగులుతుంది అన్నది ఖండితమైన వాక్యాల్లో ఒకటి. దేవుడు ఒకటికి మించి లోకాలను చేయలేడన్నది ఇంకొకటి. ఇవి రెండూ అరిస్టాటిల్ భౌతికశాస్త్రం నుంచి వచ్చినవే. చేయలేడు అనకూడదని బిషప్ అన్నాడు గనక, సరే, చేస్తే ఎలా ఉంటుంది అని తర్వాతి తరం మాస్టర్లు అడగడం మొదలుపెట్టారు. శూన్యంలో వస్తువు ఎలా కదులుతుంది? రెండు లోకాలుంటే మట్టి ఏ లోకం వైపు పడుతుంది? పద్నాలుగో శతాబ్దంలో నికోల్ ఒరేమ్ వంటివాళ్లు వీటి మీద రాసిన పేజీలు ఇప్పటికీ ఆసక్తిగా చదవొచ్చు. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పియేర్ దుహెమ్ దీన్ని చూసి, ఆధునిక విజ్ఞానం పుట్టిన తేదీ 1277 అనేదాకా వెళ్లాడు. విజ్ఞాన చరిత్రకారుడు అలెగ్జాండర్ కొయిరె అది అతి అన్నాడు, నాకు కొయిరె మాటే సబబనిపిస్తుంది. గెలీలియోకు ఇంకా మూడు వందల ఏళ్లున్నాయి. కానీ అరిస్టాటిల్ చెప్పింది తప్పనిసరి కాదు అనే ధైర్యం మొదట విశ్వాసం వైపు నుంచి వచ్చిందన్నది మాత్రం కాదనలేం.

మనుషుల గతి కూడా చెప్పుకోవాలి. సిగేర్ ఇటలీకి వెళ్లి, ఒర్వియేతోలో మతి చలించిన తన లేఖకుడి చేతిలోనే కత్తిపోటుకు చచ్చిపోయాడు. డాంటే తన స్వర్గ కాండంలో సూర్యమండలంలో కొలువుదీరిన జ్ఞానుల మధ్య అతన్ని కూర్చోబెట్టాడు. పరిచయం చేసేది ఎవరయ్యా అంటే, పక్కనే ఉన్న థామస్.

ఇక అక్కడి నుంచి నేటిదాకా తత్వశాస్త్రం చదివే ప్రతి విశ్వాసి మీదా వేలాడుతున్న ఒక అభ్యంతరం ఉంది. దాన్ని గట్టిగా చెప్పినవాడు బెర్ట్రాండ్ రస్సెల్. 1945లో వచ్చిన తన పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్రలో థామస్‌ను తూచి, ఈయనలో తాత్విక స్వభావం లేదన్నాడు. వాదన ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లేవాడు కాడు, చేరాల్సిన చోటు ముందే తెలుసు, దారి మాత్రం తర్వాత వెతుకుతాడు అని. ఒకప్పుడు కథోలిక గురువుగా ఉండి బయటికి వచ్చేసిన తత్వవేత్త ఆంథొనీ కెనీ దీనికి చురుకైన జవాబిచ్చాడు. ఒకటీ ఒకటీ రెండు అని నిరూపించడానికి వందల పేజీలు రాసిన మనిషి అనాల్సిన మాట కాదిది, ఆ జవాబు రస్సెల్‌కూ ముందే తెలుసు కదా అని.

చమత్కారం బాగుంది గానీ అది సగం జవాబే. ఒకటీ ఒకటీ రెండు కాకపోతే రస్సెల్‌కు నరకం లేదు. తేల్చాల్సినదాంట్లో తన ప్రాణం ఇరుక్కున్నవాడు నిజాయితీగా వాదించగలడా అన్నది అసలు ప్రశ్న. దానికి నాకు తోచిన పరీక్ష ఒక్కటే. ముగింపు ముందే తెలియడం నేరం కాదు, అది అందరికీ ఉంటుంది, దేవుడు లేడన్న ముగింపుతో బయల్దేరినవాడికీ ఉంటుంది. తన ముగింపుకు తోడుగా వచ్చిన పుచ్చు వాదనను వాడు గుర్తుపట్టి బయటికి తోస్తాడా లేదా? బొనవెంచర్ రుజువు విషయంలో థామస్ ఆ పరీక్ష నెగ్గాడు. అన్నిచోట్లా నెగ్గాడని నేననను. విశ్వాసానికి ఎదురుగా వచ్చే ఏ వాదనలోనైనా ఎక్కడో ఒక తప్పు ఉండి తీరుతుందని, దాన్ని చూపించవచ్చని ఆయన భరోసా. అది వాదన కాదు, అప్పుపత్రం. ఒక్కోసారి విద్యార్థి డిగ్రీ అయిపోతుంది గానీ ఆ అప్పు తీరదు. అయినా బొయేతియస్ గోడ కంటే, తాంపియే జాబితా కంటే ఈ అప్పుపత్రమే మేలని నా లెక్క. ఎందుకంటే తప్పును వెతికే పని తత్వశాస్త్రంలోనే జరగాలని అది ఒప్పుకుంటుంది.

చర్చి తర్వాత ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. థామస్ 1274 మార్చి 7న, లియాన్ మహాసభకు వెళ్తూ దారిలో చనిపోయాడు. సరిగ్గా మూడేళ్లకు అదే తేదీన వచ్చిన తాంపియే జాబితాలో థామస్ బోధలను తాకే వాక్యాలు కూడా ఉన్నాయి. ఒక ఉదాహరణ. ఒకే జాతిలో ఇద్దరిని వేరు చేసేది పదార్థం. దేవదూతలకు పదార్థం లేదు. కాబట్టి ఒకే జాతిలో ఇద్దరు దేవదూతలు ఉండరన్నది థామస్ మాట. పదార్థం లేకపోతే దేవుడు సైతం ఒకే జాతిలో అనేకులను చేయలేడనడం తప్పని జాబితా అంది. 1323లో పోప్ ఇరవై రెండో జాన్ థామస్‌ను పునీతుడిగా ప్రకటించాడు. పునీతుడి మాటలు నిషేధంలో ఉండడం ఇబ్బందే కదా. 1325లో పారిస్ బిషప్ ఎటియెన్ బురే ఆ ఖండనను, థామస్‌కు తగిలినంత మేరకు, రద్దు చేశాడు. ఆ వాక్యాలను తాను సమర్థించడం లేదని, కాదనడమూ లేదని, బడుల్లో స్వేచ్ఛగా చర్చించుకోమని వదిలేస్తున్నానని రాశాడు. ఈ కథలో వచ్చిన అధికారిక కాగితాలన్నిటిలోకీ తెలివైనది ఇదే అనిపిస్తుంది నాకు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1879లో పోప్ పదమూడో లియో థామస్ తత్వశాస్త్రాన్ని కథోలిక విద్యలో మళ్లీ నిలబెట్టమని లేఖ రాశాడు. 1914లో రోమ్‌లోని విద్యా విభాగం ఆయన సిద్ధాంతాలను 24 వాక్యాలుగా కుదించి ఆమోదముద్ర వేసింది. సెమినరీల్లో వాటిని లాటిన్‌లో బట్టీపట్టిన తరాలున్నాయి. వాటిలో పదకొండో వాక్యం ఏమంటుందంటే, ఒకే జాతిలో ఒకరి నుంచి ఒకరిని వేరుచేసేది పదార్థమేనని, శుద్ధ ఆత్మల్లో అలాంటి భేదం ఉండదని. 1277లో ఏది అంటే వెలి వేస్తామన్నారో, 1914లో అది బోధించదగిన సిద్ధాంతమైంది. ఈ రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకున్న కుర్రవాడికి ముద్రలు, తేదీలు ఏ సాయమూ చేయవు. పదార్థం లేని ఇద్దరిని ఇద్దరు అని దేన్నిబట్టి అంటామో అతనే కూర్చుని తేల్చుకోవాలి.